వెళ్ళిన రోజులు, చెప్పిన రోజులు

గత రమజాన్‌కు ముందు మా సంఘం విద్యా విభాగం లెక్కలు సరిచూస్తుండగా ఒక చీటీ దగ్గర ఆగిపోయాం. భద్రాచలంలో మన పథకం కింద పేద పిల్లల ఇళ్ళకు వెళ్ళి పాఠాలు చెప్పే ఒక సోదరి నెలాఖరున పంపిన చీటీ అది. మేము అచ్చువేయించి ఇచ్చిన నమూనాలో ఒకటే గడి ఉంది: 'చెప్పిన రోజులు'. ఆ గడిలో ఆమె 17 అని రాశారు. దాని పక్కన ఖాళీ జాగాలో, ఎవరూ అడగకపోయినా, పెన్సిలుతో చిన్నగా 'వెళ్ళిన రోజులు 24' అని కూడా రాశారు.

మేము 17 రోజులకే లెక్కకట్టి డబ్బు పంపాం. అంతకు ముందు నెలల్లోనూ అలాగే పంపాం. గడి ఒక్కటే ఉన్నప్పుడు లెక్క అలాగే వస్తుంది మరి.

మిగిలిన ఏడు రోజుల సంగతి ఫోన్ చేసి అడిగాం. ఆమె ఫిర్యాదు చేయలేదు, ఉన్నది చెప్పారు. రెండు రోజులు తలుపుకు తాళం. ఒకరోజు, "పిల్లాడు మేనమామ ఊరు వెళ్ళాడు ఆపా, ఫోన్ చేద్దామనుకుని మరిచిపోయాం" అన్నారు. ఒకరోజు ఇంట్లో చుట్టాలు. ఇంకొక రోజు పిల్ల నిద్రపోతోంది, లేపితే ఏడుస్తుందని వాళ్ళమ్మ "రేపు రండి ఆపా" అంది. తక్కిన రెండు రోజులూ ఇలాంటివే. ప్రతిసారీ ఆమె పాఠం సిద్ధం చేసుకుని, నడిచి వెళ్ళి, గుమ్మం దగ్గరి నుంచి తిరిగి వచ్చారు.

ఈ వ్యాసం ఆ ఏడు రోజుల గురించి. చందాలు ఇచ్చే దాతలకు ఇది ఎందుకంటే, ఆ డబ్బు ఎలా ఖర్చవుతోందో తెలుసుకునే హక్కు వారికి ఉంది. పైగా మన దాతల్లో చాలామంది తమ పిల్లలకు కూడా ట్యూషన్ పెట్టించుకున్న తల్లిదండ్రులే. సంఘం చేసిన పొరపాటు ఎన్ని ఇళ్ళలో జరుగుతోందో వారు తమకు తామే చూసుకోగలరు.

ఈ టీచర్లు ఎవరు?

విద్యాహక్కు చట్టం, 2009లోని 28వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. కనుక ఇంటింటికీ వెళ్ళి ట్యూషన్ చెప్పేవారిలో ఎక్కువమంది ఏ బడి జీతమూ లేనివారు. బి.ఎడ్. పూర్తిచేసి డీఎస్సీ కోసం ఎదురుచూసేవారు, డిగ్రీ చదివి పెళ్ళయి ఊరు మారినవారు, భర్త పోయి పిల్లలతో పుట్టింట ఉన్నవారు కనబడతారు. తెలంగాణలో 2017 తర్వాత టీచర్ల నియామక పరీక్ష మళ్ళీ జరిగింది 2024లో, 11,062 పోస్టులకు. ఆ మధ్య ఏడేళ్ళు చేతిలో బి.ఎడ్. పట్టా ఉన్నవాళ్ళు ఏం తిని బతికారు? చాలామందికి జవాబు ట్యూషన్లే.

అడిగేవాళ్ళు కూడా తక్కువేమీ కాదు. 2025లో కేంద్ర గణాంక శాఖ జరిపిన విద్యా సర్వేలో దేశం మొత్తం మీద సుమారు 27 శాతం విద్యార్థులు ప్రైవేటు కోచింగ్ తీసుకుంటున్నట్టు తేలింది. అంటే నలుగురిలో ఒకరికి పైగానే. మన సముదాయం సంగతి వేరు అనుకోవడానికి లేదు. మన పిల్లలంతా మదరసాల్లో చదువుతారని బయటివారే కాదు, మనవారు కూడా అనుకుంటారు. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఆ అభిప్రాయాన్ని పక్కకు పెట్టింది. బడి వయసు ముస్లిం పిల్లల్లో మదరసాల్లో ఉన్నది నూటికి నలుగురిలోపే. మిగిలినవారు మామూలు బడుల్లో, మామూలు పుస్తకాలతో కుస్తీ పడుతున్నవాళ్ళు. వాళ్ళకు సాయంత్రం ఒక గంట ఎవరైనా దగ్గర కూర్చోవాలి. ఆ గంట కోసమే మన విద్యా పథకం.

అస్ర్‌కు ముందే మొదలయ్యే పని

అస్ర్ నమాజు తర్వాత ఇల్లు వదిలి ఇషా వేళకు తిరిగి వచ్చే టీచర్‌ను చూసి, మూడు నాలుగు గంటల పనే కదా అనుకుంటాం. మేమూ అలాగే అనుకున్నాం. ఆ సోదరి ఇంటికి వెళ్ళి ఒక మధ్యాహ్నం కూర్చున్న తర్వాత గానీ అసలు విషయం తెలియలేదు.

ఆమె వెళ్ళేది ఐదు ఇళ్ళకు. ఒక ఇంట్లో నాలుగో తరగతి, ఒక ఇంట్లో ఏడు, ఇంకో ఇంట్లో పది. ప్రభుత్వ బడి పిల్లలకు 2022–23 నుంచి ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. తెలుగులో అర్థం చెప్పి ఇంగ్లీషులో జవాబు రాయించాలి. ప్రైవేటు బడి పిల్లలకు ఆ బడి ఎంచుకున్న కంపెనీ పుస్తకాలు. ఒక పిల్లకు ఉర్దూ మీడియం. వీటికి తోడు భద్రాచలానికి మాత్రమే ఉన్న ఒక చిక్కు ఉంది. 2014లో పోలవరం ముంపు ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినప్పుడు పట్టణం తెలంగాణలో ఉండిపోయి, చుట్టూ ఉన్న పల్లెలు అటు వెళ్ళాయి. ఎటపాక నుంచి పిల్లలు నడుచుకుంటూ పట్టణానికి వస్తారు, కానీ వాళ్ళ సంచిలో ఉండేవి వేరే రాష్ట్రం పుస్తకాలు. అదే తరగతి, అదే లెక్కలు, పాఠాల వరుస వేరు, పరీక్షల తేదీలు వేరు. ఒకే ఏడో తరగతికి ఆమె రెండు నోటుబుక్కులు పెట్టుకున్నారు.

పరీక్షల నియమాలు కూడా ఒకచోట నిలవవు. 2024 నవంబరులో తెలంగాణ పదో తరగతికి ఇంటర్నల్ మార్కులు తీసేస్తున్నట్టు ఉత్తర్వు వచ్చింది. మర్నాడే, ఈ ఏడాదికి కాదు వచ్చే ఏడాది నుంచి అన్నారు. బడిలో ఉన్న టీచర్‌కు ఇలాంటివి సర్క్యులర్ రూపంలో అందుతాయి. ఇంటింటికీ తిరిగే టీచర్ పేపర్లు వెతికి, తెలిసినవారికి ఫోన్లు చేసి తెలుసుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టేది భాష. మన ఇళ్ళలో పిల్లలు ఉర్దూలో మాట్లాడతారు. పక్క వీధిలో కోయ భాష మాట్లాడే ఇంటి పిల్లలు అదే ట్యూషన్‌లో కూర్చుంటారు. పుస్తకం తెలుగు, ఇంగ్లీషు. భిన్నాల పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు ఆమె ఏం చేశారో చూసి మేము ముచ్చటపడ్డాం. పావు, సవా, డేఢ్, ఢాయీ అని ఇంట్లో అమ్మ కూరగాయల బేరంలో వాడే మాటలను అట్టముక్కల మీద రాసి, వాటి వెనుక ఒకటింబావు, ఒకటిన్నర, రెండున్నర అంకెల్లో వేశారు. కోయ పిల్లకు అట్టముక్కల మీద బొమ్మలు గీశారు. ఈ అట్టముక్కలు కత్తిరించడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం అంతా పట్టింది. దానికి ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వలేదు. మేమూ ఇవ్వలేదు. మా నమూనాలో దానికి గడే లేదు.

దుకాణం ఉన్న దాతలకు ఇది సులువుగా అర్థమవుతుంది. బిర్యానీ హోటల్ మధ్యాహ్నం పన్నెండున్నరకు తెరుస్తారు. బియ్యం కడిగేది, మాంసం నానబెట్టేది, ఉల్లిగడ్డ తరిగేది పొద్దున ఆరింటి నుంచి. ప్లేటు ధర కట్టేటప్పుడు ఏ యజమానీ తన వంటవాడి కూలిని పన్నెండున్నర నుంచి మాత్రమే లెక్కవేయడు.

రద్దయ్యే ఋతువులు

మైదానం ఊళ్ళలో ట్యూషన్ మానేది పండగకో పెళ్ళికో. అడవి అంచున ఏడాది పొడవునా ఏదో ఒకటి. డిసెంబరు దాటిందంటే మిరప కోతలు. ఖమ్మం మిర్చి యార్డుతో సంబంధం ఉన్న మన దాతలకు ఆ నెలలు ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. ఆ యార్డుకు సరుకు రావాలంటే చేలల్లో చేతులు కావాలి, ఆ చేతుల్లో పిల్లల చేతులూ ఉంటాయి. మార్చిలో ఇప్పపువ్వు రాలుతుంది, తెల్లవారుజామునే ఏరాలి. సాయంత్రానికి ఆ పిల్ల పుస్తకం ముందు కూర్చుని తూగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు. కుటుంబాలు కుటుంబాలే అడవిలోకి వెళతాయి. రెండేళ్ళకొకసారి మేడారం జాతర. శ్రీరామనవమికి, ముక్కోటికి పట్టణం జనంతో నిండిపోయి, ఇరుకు వీధుల్లో ఉన్న ఇళ్ళన్నీ బంధువుల సత్రాలవుతాయి. మన పక్క రమజాన్ నెలలో ట్యూషన్ వేళలన్నీ తారుమారు. కొందరు తల్లులు నెలంతా వద్దంటారు.

ఆ తర్వాత గోదావరి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 2022 జూలై 16న నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంతటి వరద మళ్ళీ అప్పుడే. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. సారపాక వైపు ఉన్న టీచర్ ఇటు రాలేరు, ఇటు పిల్లలు అటు పోలేరు. నీళ్ళు తీసిన తర్వాత కూడా ఇళ్ళు కడుక్కోవడం, తడిసిన పుస్తకాలు ఎండబెట్టుకోవడం. ట్యూషన్ ఎవరికి గుర్తుంటుంది?

వీటిలో ఏ ఒక్కదానికీ తల్లిదండ్రులను తప్పుపట్టలేం. మిరప కోతకు పోకపోతే ఆ ఇంటికి ఉప్పూ పప్పూ ఉండవు. కానీ ప్రతి రద్దు భారమూ చివరకు ఒక్క మనిషి మీదే పడుతోంది. కూలి ఇల్లు కూలి సంపాదించుకుంటుంది, పెళ్ళి ఇల్లు పెళ్ళి చేసుకుంటుంది, దాత డబ్బు దాత దగ్గర మిగులుతుంది. టీచర్‌కు మాత్రం ఆ రోజు పోయినట్టే.

లెక్క చూద్దాం. ఇది ఎవరి సొంత లెక్కా కాదు, అర్థం కావడానికి వేసిన ఉదాహరణ. ఐదు ఇళ్ళు, ఇంటికి నెలకు వెయ్యి రూపాయలు, రోజుకు ఇంటికో గంట, నెలకు 26 రోజులు. 130 గంటలకు 5,000 రూపాయలు. గంటకు 38 రూపాయల చిల్లర. ఉపాధి హామీ కింద 2025–26కు తెలంగాణలో ప్రకటించిన కూలి రోజుకు 307 రూపాయలు. ఎనిమిది గంటలకు పంచితే అదీ 38 రూపాయలే. సరే, సమానం అనుకుందాం. ఇప్పుడు రోజుకు గంటన్నర పాఠం తయారీ, గంటంపావు నడక కలపండి. మొత్తం 200 గంటలు దాటుతుంది. గంటకు 25 రూపాయలు కూడా రావు. ఆపైన ఒక్కొక్క ఇంట్లో నెలకు ఐదు రోజులు పాఠం జరగలేదని కోత పెడితే 960 రూపాయలు పోతాయి. మానిన పాఠాల గంటలు తీసేసి లెక్కవేసినా గంటకు 23 రూపాయల దగ్గర ఆగుతుంది. డిగ్రీ, బి.ఎడ్. చదివిన మనిషికి.

ఇది ఈనాటి కథ కూడా కాదు. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1826 మార్చిలో రాసిన నివేదికలో, పిల్లవాడికి నెలకు నాలుగు నుంచి ఎనిమిది అణాల చొప్పున తీసుకునే వీధిబడి పంతుళ్ళకు నెల మొత్తం మీద ఆరేడు రూపాయలకు మించి రావని, ఆ రాబడికి చదువుకున్నవారు ఈ పనికి రారని బాధపడ్డాడు. రెండు వందల ఏళ్ళయింది.

ఇజారా నియమాలు ఏమంటాయి?

వేతనం గురించి మాట్లాడేటప్పుడు మనందరికీ మొదట గుర్తొచ్చేది, పనివాడి చెమట ఆరేలోగా అతని కూలి ఇచ్చేయమన్న దైవప్రవక్త ముహమ్మద్ (స) ఉపదేశం. ఇబ్నె మాజా సంకలనంలో ఉంది. పనివాడితో పూర్తిగా పని చేయించుకుని కూలి ఎగవేసినవాడికి ప్రళయదినాన అల్లాహ్‌యే ప్రత్యర్థిగా నిలుస్తాడన్న హెచ్చరిక సహీ బుఖారీలో ఉంది. జుమా ప్రసంగాల్లో ఇవి తరచూ వింటాం. మన ప్రశ్న దగ్గరకొచ్చేసరికి మాత్రం ఒక తిరకాసు ఉంది. పాఠమే జరగలేదు కదా, చెమట ఎక్కడిది? అని ఎవరైనా అడగవచ్చు. మా సమావేశంలో ఒక సభ్యుడు నిజంగానే అడిగారు. ఆయన అడగడం మంచిదైంది. ధర్మశాస్త్ర గ్రంథాలు తెరిచి చూడాల్సి వచ్చింది.

ఇస్లామీ ధర్మశాస్త్రంలో అద్దెకు, కూలికి ఒకటే అధ్యాయం. దాని పేరు ఇజారా. ఇల్లు అద్దెకిచ్చినా, మనిషి తన శ్రమను ఇచ్చినా, అమ్ముతున్నది వస్తువును కాదు, దాని ప్రయోజనాన్ని అంటారు ఫకీహులు. ఇల్లు అద్దెకు తీసుకుని తాళంచెవి పుచ్చుకున్నవాడు పది రోజులు ఊరెళ్ళి వస్తే ఆ పది రోజుల అద్దె తగ్గదు. యజమాని ఇల్లు అప్పగించాడు, వాడుకోవడం వాడుకోకపోవడం అద్దెకున్నవాడి ఇష్టం. గడిచిపోయిన రోజును యజమాని తిరిగి ఇంకొకరికి అద్దెకివ్వలేడు గదా.

కూలికి వచ్చేసరికి పనివారిని రెండు రకాలుగా విడదీస్తారు. దర్జీ, చాకలి వంటివారు అందరి పనీ చేస్తారు. వీరిని అజీరె ముష్తరక్ అంటారు. బట్ట కుట్టి ఇస్తేనే వీరికి కూలి. రెండవ రకం అజీరె ఖాస్. తన సమయాన్ని ఒకరికే కేటాయించి, ఆ సమయంలో వారి పనికి సిద్ధంగా ఉండేవాడు. హనఫీ న్యాయాన్ని సెక్షన్ల వారీగా కూర్చిన గ్రంథం మజల్లా. అహ్మద్ జౌదత్ పాషా నాయకత్వంలో ఉస్మానియా పండితులు 1869 నుంచి 1876 మధ్య తయారుచేశారు. అందులో 425వ సెక్షన్ ఈ రెండవ రకం పనివాడి గురించి స్పష్టంగా చెబుతుంది. ఒప్పుకున్న కాలంలో పనికి హాజరై సిద్ధంగా ఉంటే చాలు, వేతనానికి అర్హుడు. వాస్తవంగా పని జరిగి ఉండాలన్న షరతు లేదు. అయితే పని ఇస్తే చేయనని మొరాయిస్తే మాత్రం హక్కు పోతుంది.

ట్యూషన్ టీచర్ ఏ రకం? పొద్దస్తమానం ఒకే ఇంట్లో ఉండరు కాబట్టి మొదటి రకమే అనవచ్చు. కానీ 'సోమవారం నుంచి శనివారం దాకా, సాయంత్రం ఐదు నుంచి ఆరు' అని నెలకు మాట్లాడుకున్నప్పుడు ఆ ఒక్క గంట వరకు ఆమె ఆ ఇంటికే చెందుతారు. ఐదింటికి ఇంకొకరి ఇంటికి వెళ్ళలేరు. మా అవగాహన ప్రకారం ఆ గంటకు రెండవ నియమమే దగ్గర. 'ఈ పుస్తకం పూర్తిచేయడానికి ఇంత' అని మాట్లాడుకుంటే అది దర్జీ పద్ధతి, అప్పుడు లెక్క వేరు. మేము ముఫ్తీలం కాము. మీ ఒప్పందం ఎలాంటిదో మీ మస్జిద్ ఆలిమ్‌కు చెప్పి అడగండి.

ఈ ప్రశ్న మన పెద్దలకు కొత్త కాదు. మదరసా సెలవు రోజుల్లో ఉస్తాదుకు వేతనం చెల్లుతుందా అన్నది హనఫీ పండితుడు ఇబ్నె నుజైమ్ (మరణం 1563) తన 'అల్ అష్‌బాహ్ వన్నజాయిర్' గ్రంథంలో చర్చించాడు. అదీ ఆచారానికి ధర్మశాస్త్రంలో ఎంత విలువ ఉందో చెప్పే అధ్యాయంలో. పిల్లలకు చదువు చెప్పేవారి ప్రవర్తన, ఫీజు మీద ట్యునీషియాలోని కైరవాన్ పండితుడు ఇబ్నె సహ్నూన్ తొమ్మిదో శతాబ్దంలోనే ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశాడు. ఇంకా వెనక్కి వెళితే, క్రీ.శ. 624లో బద్ర్ యుద్ధ ఖైదీల్లో విమోచన ధనం ఇచ్చుకోలేని అక్షరాస్యులు ఒక్కొక్కరు పదిమంది మదీనా పిల్లలకు రాత నేర్పితే అదే వారి విమోచనకు సరిపోతుందని దైవప్రవక్త (స) నిర్ణయించారు. చదువు చెప్పడానికి మనిషి స్వేచ్ఛతో సమానమైన వెల కట్టిన సందర్భం అది.

ఒప్పందంలో ఏది హక్కు, ఏది దయ అన్నది ముందే విడదీయడానికి దివ్య ఖుర్ఆన్‌లో మంచి ఉదాహరణ ఉంది. అల్ ఖసస్ సూరాలో మూసా (అలై) మద్యన్ చేరినప్పుడు అక్కడి వృద్ధుడు పని మాట్లాడుకున్న తీరు చూడండి. ఎనిమిదేళ్ళు తప్పనిసరి, పది పూర్తిచేస్తే అది నీ ఇష్టం. పని మొదలు కాకముందే కాలపరిమితి తేలిపోయింది. మనం ట్యూషన్ పెట్టుకునేటప్పుడు "చూద్దాం ఆపా, మీకు తెలియనిదేముంది" అంటాం. ఆ 'చూద్దాం'లోనే తర్వాత గొడవంతా ఉంటుంది.

ఇదే నియమంతో వరద రోజుల సంగతి కూడా తేలుతుంది, కొంచెం కఠినంగానే. వంతెన మూసేసినప్పుడు టీచర్ హాజరు కాలేరు. హాజరు లేనప్పుడు వేతనం హక్కుగా అడగలేరు. అక్కడ హక్కు ముగిసి ఇహ్సాన్ మొదలవుతుంది. తాళం వేసిన తలుపు రోజును, వరద రోజును ఒకే గాట కట్టకూడదని మాకు అప్పుడు అర్థమైంది. మొదటిది బాకీ. రెండవది దానం. బాకీ తీర్చి, దానం చేశామని చెప్పుకుంటే సరికాదు.

టీచర్ వైపు నుంచి కూడా ఒక మాట. చెప్పాపెట్టకుండా మానేసేవారు, పిల్లాడికి ఎక్కాలు రాయమని చెప్పి గంటసేపూ ఫోన్ చూసుకునేవారు లేకపోలేదు. అలాంటి గంటకు వేతనం అడిగే హక్కు వారికి లేదు. తాము రాని రోజుకు బదులు పాఠం వాళ్ళే బాకీ. కానీ ఇంటివాళ్ళు రద్దు చేసిన రోజుకు, "నిన్న కుదరలేదు గదా, ఆదివారం వచ్చి చెప్పండి" అని అడగడం ఆమె సెలవురోజును కూడా తీసేసుకోవడమే. లారీ సంగతి మనవాళ్ళకు తెలుసు. లోడు సిద్ధంగా లేక బండి నిలబడిపోతే హాల్టింగ్ చార్జీ కడతాం, పెద్దగా గొణుక్కోకుండానే కడతాం. బండికి ఇచ్చే మర్యాద అది.

ఎవరి జాబితాలోనూ లేనివారు

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఏడాది తర్వాత, 2021 ఏప్రిల్‌లో, జీతాలు ఆగిపోయిన ప్రైవేటు బడి టీచర్లకు, సిబ్బందికి తెలంగాణ ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. మంచి పనే. అయితే అది గుర్తింపు పొందిన బడి హాజరుపట్టీలో పేరున్నవారికి. ఇంటింటికీ వెళ్ళే టీచర్ పేరు ఏ హాజరుపట్టీలో ఉంటుంది? కరోనా భయంతో మొదట మూసుకున్నవి వారు వెళ్ళే తలుపులే. ఇలాంటివారు కనీసం ఈ–శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించుకోవడం మేలు. 16 నుంచి 59 ఏళ్ళ మధ్య ఉండి, పీఎఫ్, ఈఎస్ఐ లేని స్వయం ఉపాధివారికి అవకాశం ఉంది. దానితో నెల జీతం రాదు, అసంఘటిత కార్మికుల లెక్కలో పేరు మాత్రం ఉంటుంది. మన టీచర్లకు ఆ నమోదు మా కార్యాలయంలోనే చేయిస్తున్నాం.

ఇప్పుడు మార్చినవి

చీటీ నమూనా మార్చాం. ఇప్పుడు అందులో నాలుగు గడులు ఉన్నాయి: వెళ్ళిన రోజులు, చెప్పిన రోజులు, టీచర్ రాని రోజులు, ఎవరి చేతిలోనూ లేని రోజులు. వేతనం మొదటి గడిని బట్టి. ముందురోజు ఇషా లోపు ఫోన్ చేసి వద్దని చెప్పిన ఇంటికి నెలకు రెండు రోజుల వరకు మాఫీ, ఆపైన చెప్పినా లెక్కలోకి వస్తుంది. మిరప కోతలకు, తునికాకుకు వెళ్ళే కుటుంబాలతో ముందే మాట్లాడి ఆ వారాలకు ట్యూషన్ వేళ రాత్రికి మార్చడమో, ఆ గంటను ఇంకో పిల్లకు ఇవ్వడమో చేస్తున్నాం. ముందే తెలిస్తే టీచర్ నష్టపోరు. తెలియకపోవడంతోనే చిక్కంతా. పాఠం తయారీకి వారానికి నాలుగు గంటల వేతనం విడిగా కడుతున్నాం. అట్టముక్కలకు, జిరాక్సులకు అయిన ఖర్చు రసీదు చూసి ఇస్తున్నాం.

ఆ సోదరికి పాత నెలల బాకీ కూడా లెక్కకట్టి పంపాం. పాత నెలల్లో 'వెళ్ళిన రోజులు' రాసిపెట్టినవి ఆమె దగ్గర సగమే ఉన్నాయి, మిగతా సగానికి ఆమె చెప్పిన సంఖ్యనే తీసుకున్నాం. ఆమె కొన్ని నెలలకు సున్నా అని చెప్పారు.

దాతలు ఈసారి చందా ఇచ్చేటప్పుడు ఒక విషయం గమనించాలి. జకాత్ సొమ్ము వేతనంగా ఇవ్వడానికి వీల్లేదు. జకాత్ అర్హుడికి ఏ ప్రతిఫలమూ లేకుండా సొంతం చేయాలి, వేతనం పనికి ప్రతిఫలం. టీచర్ స్వయంగా జకాత్‌కు అర్హురాలైతే ఆమెకు జకాత్ ఇవ్వవచ్చు, కానీ దాన్ని పని ఖాతాలో కోసుకోకూడదు. కాబట్టి టీచర్ల వేతనం, తయారీ గంటలు, తాళం తలుపుల రోజులు అన్నీ సాధారణ విరాళాల నుంచే పోవాలి. మా దగ్గర జకాత్ ఖాతాలో నిల్వ ఉండి, ఈ ఖాతా ఖాళీ అయిన నెలలు ఉన్నాయి. ఆ నెలల్లోనే కోతలు పెట్టాం. ఈ ఏడాది రసీదు పుస్తకంలో 'విద్య – సాధారణ విరాళం', 'వరద రోజుల సహాయం' అని రెండు గడులు కొత్తగా చేర్చాం. డబ్బు ఇచ్చేటప్పుడు ఏ గడిలో రాయాలో వసూలుకు వచ్చిన కార్యకర్తకు మీరే చెప్పండి. చెప్పకపోతే అతను అలవాటు కొద్దీ జకాత్ గడిలో రాసేస్తాడు.